ఊది చూడని అద్దం

అద్దం తుడిచాక దానిమీద ఊది చూడాలి. మా యజమాని నాకు నేర్పిన మొదటి పని అది.

ఇప్పుడు కెమెరాతో పటాలు తీసే ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు ఈ మాట వింతగా ఉంటుంది. మీకు పలకలు మందు పూసి, ఎండబెట్టి, డబ్బాల్లో సర్ది వస్తున్నాయి. మా కాలంలో, అంటే కంపెనీవారి పాలన పోయి రాణిగారి పాలన వచ్చిన కొత్తలో, ప్రతి గాజు పలకా ఓడ దిగి రావలసిందే. పటం చెడిపోతే పలకను పారేసేవాళ్ళం కాదు. సున్నపు పొడీ సారాయీ కలిపి రుద్ది, పాత బొమ్మను పోగొట్టి, దానిమీదే కొత్త మనిషిని తీసేవాళ్ళం. కాని కొన్ని పలకలు పైకి ఎంత తళతళలాడినా వాటిలోంచి పాత మనిషి పోడు. నోటి దగ్గర పెట్టుకుని ఊదితే ఆ ఆవిరిలో కనిపిస్తాడు. ఒక చెంప, ముక్కు, తలపాగా అంచు. ఆవిరి ఆరగానే ఉండడు. కనిపిస్తే మళ్ళీ రుద్దాలి. ఏమీ కనిపించకపోతేనే మందు పోయాలి.

ఊదకుండా వదిలేసిన పలకలు నా చేతిమీదుగా ఎన్ని పోయాయో నాకు తెలియదు. ఒకదాని సంగతి మాత్రం తెలుసు.

యజమానిది మదురలో గాజుకప్పు వేసిన పెద్ద పటాలిల్లు. ఆయన నన్ను ఆండిపట్టి పంపి, సంత పక్కన ఒక కొట్టం అద్దెకు తీసుకుని ఇచ్చాడు. బోడినాయకనూరు నుంచి ఏలకుల బస్తాలు మోసుకొచ్చే బండ్లు మా వాకిట్లోనే ఎద్దులను విప్పేవి. అందుకని నా జ్ఞాపకాల్లో మందుల ఘాటుకూ ఏలకుల వాసనకూ తేడా లేదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. చేతిలో పనితనం ఉందని పొగరు కూడా ఉండేది.

ఒక సంతరోజున దగ్గరి నల్లరేగడి పల్లె నుంచి మన తెలుగు రైతు ఒకాయన భార్యనూ కూతురినీ తీసుకుని వచ్చాడు. ఇకమీదట ఆయనను పెద్దాయన అనే అంటాను. కూతురు మర్నాడు కాపురానికి వెళుతోంది. వెళ్ళేలోపల ఆమె పటం ఒకటి ఇంట్లో ఉండాలని ఆయన కోరిక. పిల్లను ఒక పక్కగా కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యలో పూలకుండీ పెట్టాను. తల కదలకుండా మెడ వెనక ఇనుప కొమ్మను ఆనించాను. పన్నెండు లెక్కపెట్టేదాకా కదలగూడదని చెప్పాను. ఏడు దగ్గర ఆ ఇనుము చల్లగా తగిలిందో ఏమో, కిలకిలా నవ్వి, కుండీకి అవతల నిలబడ్డ తల్లివైపు తిరిగింది.

"చెడిపోయింది. కదలొద్దంటే అర్థం కాదా?" అని అరిచాను.

"చిన్నపిల్ల కదప్పా, ఇంకొకసారి పటం ఎత్తు" అన్నాడు పెద్దాయన.

అప్పటికే మబ్బు పట్టింది. వెలుతురు లేదు. వాళ్ళు బండి కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ పలకను తీసుకుపోయి చెడిపోయిన పలకలు వేసే చెక్కపెట్టెలో పడేశాను. పెట్టె నిండాక అన్నీ కలిపి ఒక్కసారే తుడవడం నా అలవాటు.

ఏడాది దాటాక పెద్దాయన ఒక్కడే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. కూతురు పురుటికి పుట్టింటికి వచ్చిందనీ, ఆడపిల్లను కన్నదనీ, పదో రోజున జ్వరంతో పోయిందనీ మూడు మాటల్లో చెప్పాడు.

"ఆ చెడిపోయిన అద్దమైనా ఈ తంబీ. కన్నొకటి, ముక్కొకటి కంటికి ఆనితే సరి. అంతే చాలు నాకు."

అప్పుడు నేనేం చేశానో దాచకుండా రాయాలి. ఆ పెట్టె కొట్టంలో వెనక మూల, మందు సీసాల కింద ఉంది. అందులో అరవై పలకలుంటాయి. సీసాలన్నీ దించి, పలకలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూడాలి. ఎండ మండిపోతోంది. భోజనం వేళ.

"ఎప్పుడో తుడిచేశామయ్యా. లేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. వెళ్ళలేదు. ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నాదొకటి ఎత్తు."

"మీదా? ఎందుకయ్యా?"

"ఈ దినం అది పోయిన తిథి. దాని మామగారింట్లో మాసికం పెడతా ఉండారు. అల్లుడు చేస్తాడు. పెండ్లయిన బిడ్డ గదా, నాకు మూడు దినాల్లోనే మైల తీరిపోయింది. ఆడ నేను ఎక్కడ కూర్చునేది? దర్భ ఇయ్యరు, పీట ఇయ్యరు. నువ్వు కుర్చీ ఇస్తావు గదా. ఈడ కూర్చుంటాను."

అలా మొదలైంది. ప్రతి నెలా ఆ తిథి నాడు ఆయన నడిచి వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని, పన్నెండు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండి, నల్లగుడ్డ వెనక పెట్టి బిగించిన ఆ గాజుపటాన్ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయేవాడు. మూడు నెలలు అలా జరిగింది. యజమానికి ఈ సంగతి రాస్తే, "అలాంటి గిరాకీ దొరకడం అదృష్టం, కదలడు" అని జవాబు రాశాడు.

నాలుగో నెలలో కొత్త పలకలు అయిపోయాయి. పెట్టె బయటికి లాగి అరవై పలకలూ ఒక్క పూటలో తుడిచాను. ఒక్కదానిమీదా ఊది చూడలేదు. తిథి నాడు పెద్దాయన వచ్చాడు. చేతికందిన పలకకు మందు పోసి, పటం తీసి, పలకలు కడగడానికి కట్టుకున్న పసుపుగుడ్డ చీకటి గుడారంలోకి పోయాను.

ఈ పని తెలిసినవాళ్ళకు ఆ క్షణం తెలుసు. మందునీళ్ళు పలకమీద పారగానే ముందు తెల్లటివి పైకి వస్తాయి. తలపాగా, పంచె, తర్వాత నుదురు. ఆ రోజు పెద్దాయన తలపాగా కంటే ముందు, ఆయన భుజం పక్కన, ఏమీ ఉండగూడని చోట, ఒక చెంప వచ్చింది. తర్వాత పళ్ళు. నవ్వుతున్న పళ్ళు. చివరికి చెదిరిన కళ్ళు, ఒకటి ఉండవలసిన చోట రెండు. ఆ తర్వాతే పెద్దాయన వచ్చాడు. ఆ పిల్ల ఆయన చెవివైపు తిరిగి నవ్వుతోంది.

గుడారంలో గాలి లేదు. నా మెడమీద మాత్రం చల్లగా తగిలింది. ఇనుప కొమ్మ తగిలినట్టు. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

భయం ఎంతోసేపు లేదు. వెంటనే లెక్క తేలిపోయింది. పూలకుండీ ఆకులు కూడా ఆయన పంచెమీద లీలగా కనిపిస్తున్నాయి. ఇది ఆ పలకే. ఆయన వచ్చి అడిగిన నాడు ఇది నా పెట్టెలోనే ఉంది. లేదన్నాను. ఇప్పుడు తుడిచేశాను. లోకంలో ఆ పిల్ల ముఖం ఉన్న ఒకే ఒక్క చోటును నా చేతులతో రుద్దేశాను, అదీ సరిగ్గా రుద్దలేదు.

పలకను దాచేసి ఉండవచ్చు. పగిలిపోయిందని చెప్పి ఉండవచ్చు. కాని పెద్దాయన గుడారం తెర ఎత్తి నా వెనకే నిలబడి ఉన్నాడు.

పలకమీదికి వంగి చూశాడు. తర్వాత నేలమీద కూర్చుండిపోయాడు.

"వచ్చినాది" అన్నాడు. "నా చెవిలో ఏమో చెబుతా ఉండాది, చూడు."

నిజం చెప్పవలసింది అప్పుడే. చెబితే, పలక ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతాడు. నేను నోరు మూసుకున్నాను.

వారం తిరక్కముందే పల్లెల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. కొట్టం గడప దగ్గర కర్పూరం వెలిగించారు. ఒక ముసలమ్మ నా చేతులు కళ్ళకద్దుకుంది. ఆ కబురు విని యజమాని మదుర నుంచి బండిలో వచ్చాడు. నన్ను పక్కకు పిలిచి, "అద్దం ఊది చూడలేదు కదరా?" అన్నాడు. తల దించుకున్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరేలే, పనికిరాని చెయ్యి కూడా ఒకందుకు పనికొచ్చింది. ఇప్పుడు కాదని చెబితే ఇద్దరినీ తంతారు. మెదలకుండా ఉండు." ఆయనమీద నెపం పెట్టను. ఆయన చెప్పకపోయినా మెదలకుండానే ఉండేవాణ్ణి. జనం నన్ను చూసి చెప్పులు విప్పి నిలబడటం నాకు బాగుంది.

ఐదో నెలలో పటంలో ఏమీ రాలేదు. రాదు కదా. పెద్దాయన పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ నెల ఎందుకు రాలేదు తంబీ?"

తెలియదనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి జనానికి నేను అన్నీ తెలిసినవాణ్ణి.

"కదలకుండా ఉండాలయ్యా. మనసు కూడా కదలగూడదు. అప్పుడు వస్తుందేమో" అన్నాను.

రోజుకు పదిసార్లు ప్రతివాళ్ళతోనూ అనే మాటే కదా అది. నోటికి వచ్చింది, అనేశాను. ఆయన దాన్ని మంత్రంలా తీసుకుపోయాడు.

ఆరు, ఏడు, ఎనిమిది. నెలనెలా వచ్చేవాడు. కుర్చీలో సగం జాగా వదిలి కూర్చునేవాడు. పలక కడగగానే నేను ఆయన భుజం పక్కన ఖాళీని చూసేవాణ్ణి. తప్పు ఎవరిదో తెలిసి కూడా అక్కడేదైనా ఉంటుందేమోనని చూసేవాణ్ణి. ఆయన ముఖం మాత్రం చూడలేదు. పదో నెలకు ఇనుప కొమ్మ అవసరం లేకపోయింది. పన్నెండు లెక్క అయిపోయాక కూడా కదిలేవాడు కాదు. కెమెరా మూత పెట్టి, "అయింది, లేవండయ్యా" అంటే, ఎక్కడో దూరంగా ఎవరో పిలిచినట్టు మెల్లగా తల తిప్పేవాడు.

పదకొండో నెల తిథి నాడు ఆయన రాలేదు. మిట్టమధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది, చంకలో మనవరాలితో. పదకొండు నెలల పిల్ల. చంక దిగీ దిగకముందే నా సీసాలవైపు పాకబోయింది. ఆమె దాని కాలు పట్టి వెనక్కి లాగింది.

"పటాలెత్తే తంబి నువ్వే గదా. కదలకుండా ఉంటే బిడ్డ వస్తాదని ఆయనకు చెప్పింది నువ్వేనా?"

పిల్లకు అందకుండా సీసాలు వెనక్కి జరిపాను.

"ఆయన ఇప్పుడు చేనికి పోడు. కూటికి లేవడు. దినమంతా ఆ గది గోడ చూసుకుని కూర్చుంటాడు. ఈ పిల్ల కేక పెడితే చాలు, 'దాని సద్దుకే అది రాకుండా పోతా ఉండాది' అంటాడు. ఇంతదాకా దీని ముఖం చూడలేదు. పేరు పెట్టలేదు, తెలుసునా? 'ఏయ్, ఇదిగో' అని పిలుస్తా ఉండాను. ఇప్పుడు చూడు, శుక్రవారం బండి కట్టి దీన్ని దాని నాయన ఇంటికి పంపెయ్యమంటాడు. ఆడ రెండో పెండ్లి అయిపోయింది. ఆడపిల్ల మాకు వద్దని మొదటే చెప్పేసినారు. ఆ ఇంట్లో ఇది ఎన్ని దినాలు బతుకుతాది, నువ్వే చెప్పు."

పిల్ల ఆమె కొంగు పట్టుకుని లేచి నిలబడి, నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

"నువ్వు దేవుడివా, దొంగవా? ఒక మాట చెప్పు నైనా. దేవుడివైతే దండం పెట్టి పోతాను."

తుడిచిన పలక ఒకటి సంచిలో పెట్టుకుని ఆమెతో బండెక్కాను. దారి పొడుగునా పిల్ల ఎద్దులతో మాట్లాడుతూనే ఉంది.

కూతురు పురుడు పోసుకున్న గదిలోనే ఆయన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడగూట్లో పది పటాలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిని అలా పక్కపక్కన నేను ఎప్పుడూ చూడలేదు. ఇచ్చిన వెంటనే మరచిపోయేవాణ్ణి.

మొదటిదాంట్లో దవడ బిగించి, ఎవరితోనో తగువుకు వచ్చినవాడిలా ఉన్నాడు. రెండోదాంట్లో కళ్ళు వాచిపోయి, తలపాగా ఒక పక్కకు జారి ఉంది. మూడోది ఖాళీ చేసిన ఇల్లు. నాలుగోది, ఆ పిల్ల ఉన్నది. ఆయన ముఖం దగ్గర ఆగిపోయాను. అది తీసేటప్పటికి పక్కన ఏమి రాబోతోందో ఆయనకు తెలియదు. అందులో ఆయన భుజాలు దిగి ఉన్నాయి. బరువు మోసి మోసి ఎక్కడో రాయిమీద ఒక నిమిషం దించుకున్నవాడి ముఖం అది. ఆయన దుఃఖం దాని దారిన అది నడిచి ఆ నెలకు అక్కడికి చేరింది. ఆ రోజు నేను భుజం పక్కనే చూశాను. ముఖం చూడలేదు.

ఐదో పటం నుంచి అన్నింటిలోనూ మెడ ఒకే పక్కకు వంగి ఉంది. చెవి ఒగ్గి వింటున్నట్టు. నెల నెలకూ బుగ్గలు పోయాయి, పెదవులు పోయాయి. పదోదాంట్లో వింటున్న చెవి తప్ప మనిషి లేడు. ఆ పిల్ల దయ్యమై వచ్చిందని ఊరంతా అనుకున్నారు. ఆ గూట్లో దయ్యంగా మారుతున్నది ఆయన. మార్చినవాణ్ణి నేను.

"అయ్యా" అన్నాను. "ఇది చూడండి."

సంచిలోంచి పలక తీశాను. తళతళలాడుతోంది. వెలుతురుకు పట్టి ఆయనకు చూపించాను. ఏమీ లేదు. నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. ఆవిరిలో ఒక మీసాల మనిషి ముఖం వచ్చింది. ఎవరో నాకు కూడా తెలియదు. మేము చూస్తుండగానే పోయింది.

పెద్దాయన చెయ్యి చాచాడు. పలక తీసుకుని తనే ఊదాడు. మీసాల మనిషి వచ్చాడు, పోయాడు. మళ్ళీ ఊదాడు. నాలుగైదుసార్లు ఊదాడు. ఊపిరి చాలక దగ్గు వచ్చింది.

"అట్లనే వచ్చినాదా, నా బిడ్డ?"

"అట్లే అయ్యా. ఆ రోజు కదిలింది కదా, ఆ పలకే."

"నేను వచ్చి అడిగిన దినం ఆ అద్దం ఎక్కడ ఉండింది?"

"పెట్టెలో."

"తుడిచేసినాము అంటివే."

"వెతకలేదయ్యా. ఎండగా ఉండింది. అన్నం వేళ. వెతక్కుండానే లేదన్నాను."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య ఊపిరి నాకు వినిపిస్తోంది. పిల్ల ఆమె చంకలోంచి జారి, పాక్కుంటూ వచ్చి, ఆయన చేతిలో ఉన్న పలక అంచు పట్టుకుంది. ఆయన విదిలించలేదు. పట్టుకోనూ లేదు. పలకనే చూస్తూ ఉన్నాడు.

"అది నవ్వింది నిజమే గదా" అన్నాడు చివరికి, నాతో కాదు.

తర్వాత నాతో, "నువ్వు పో తంబీ" అన్నాడు.

మర్నాడు యజమానికి అంతా రాసి, కొట్టానికి వచ్చినవాళ్ళందరికీ పలక ఊది చూపించాను. కొందరు ఉమ్మేసి పోయారు. కర్పూరం ఆగిపోయింది. శుక్రవారం వచ్చింది, పోయింది. బండి కట్టారో లేదో తెలుసుకోవడానికి పల్లెకు పోయే ముఖం నాకు లేదు.

ఏడాది తిథి వచ్చింది. అక్కడ అల్లుడింట ఆబ్దికం పెట్టే రోజు. పొద్దున్నే కొత్త పలకల కట్ట ఒకటి విప్పి, మందు తగలని గాజు అయినా సరే, ఒకదానిమీద మూడుసార్లు ఊది చూశాను. నా ముక్కు నీడ తప్ప ఏమీ లేదు. దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఎండ ఎక్కాక పెద్దాయన వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. వెనక భార్య. ఆయన భుజంమీద పిల్ల.

శుక్రవారం సంగతి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. కుర్చీలో నిండుగా కూర్చుని పిల్లను ఒళ్ళోకి దించుకున్నాడు.

"ఇది కదులుతాది" అన్నాడు. "ఏం చేస్తావు?"

"కదలనివ్వండి అయ్యా."

ఇనుప కొమ్మ తీసి గోడకు ఆనించాను. మూత తీసి లెక్క మొదలుపెట్టాను. ఆయన నా వంక సూటిగా చూస్తున్నాడు. ఏడు దగ్గర పిల్ల తల తిప్పింది. వాళ్ళవ్వ నా పక్కన, కెమెరా దగ్గరే ఉంది. పిల్ల అటు చూడలేదు. ఆయన భుజం పక్కన ఉన్న ఖాళీవైపు తిరిగి, చెయ్యి చాచి, కిలకిలా నవ్వింది.

గుడారంలో ముందు తలపాగా వచ్చింది. తర్వాత పెద్దాయన నుదురు, కళ్ళు, గీసిన గడ్డం, పొంకంగా, ఒక్కొక్కటే. పిల్ల ముఖం చెదిరిపోయింది. ఒక కన్ను ఉండవలసిన చోట రెండు. పిల్ల చెయ్యి చాచిన వైపు, పలక అంచున, అరచేయంత తెలుపు ఒకటి వచ్చింది. ముఖమని అనలేను. కాదని కూడా అనలేను. మందు సమంగా పారకపోతే అలాంటి మరకలు పడతాయని మీకు తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు నేను మందు సమంగానే పోశాను.

పలకను బయటికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పిల్ల ముఖాన్ని చూసి, "మాటే వినలేదు చూడు, వాళ్ళమ్మ మాదిరే" అన్నాడు భార్యతో. తర్వాత ఆయన చూపు ఆ తెలుపుమీద పడింది. తువ్వాలు కొసతో తుడిచి చూశాడు. పోలేదు.

"ఇదేమి తంబీ? అద్దంలో తప్పా?"

వాళ్ళిద్దరూ నా ముఖం చూస్తున్నారు. తప్పే అనడానికి నా నాలుకమీద మాట సిద్ధంగా ఉంది. కాదనడానికీ ఉంది.

"తెలియదయ్యా" అన్నాను.

ఆయన పటాన్ని తువ్వాల్లో చుట్టాడు. పిల్లను భుజంమీదికి ఎత్తుకున్నాడు. అది ఇంకా వెనక్కి, కుర్చీవైపే చూస్తోంది.

"ఈ మాట మొదటి దినమే చెప్పి ఉండగూడదా?" అని, ఎండలోకి నడిచాడు.